ఎలిప్టికల్ యంత్రంపై విరామ వ్యాయామం: ఎవరికి మేలు? ఎవరికి జాగ్రత్త?



"నడవమన్నారు డాక్టరు గారు, కాని మోకాళ్ళు సహకరించడం లేదు" అనే మాట మన ఔట్‌పేషెంట్ విభాగంలో రోజూ వినబడేదే. షుగరు, బి.పి., అధిక బరువు ఉన్నవారికి వ్యాయామం మందుతో సమానం. కాని అదే బరువు వల్ల మోకాళ్ళు అరిగి నడక కష్టమవుతుంది. నడక మానితే షుగరు పెరుగుతుంది, బరువు ఇంకా పెరుగుతుంది. ఈ వలయంలో చిక్కుకున్నవారికి ఈ మధ్య జిమ్‌లలోను, కొందరి ఇళ్ళలోను కనిపిస్తున్న ఎలిప్టికల్ యంత్రం ఒక దారి చూపుతుంది. దీనినే చాలామంది క్రాస్ ట్రైనర్ అని పిలుస్తారు.

మరోవైపు, నలభై యాభై ఏళ్ళ వయసులో ఏ పరీక్షా చేయించుకోకుండా జిమ్‌లో చేరి, మొదటి వారంలోనే ఆయాసం వచ్చేలా యంత్రం తొక్కి ప్రమాదం తెచ్చుకొనేవారు కూడా ఉన్నారు. అందుచేత ఈ యంత్రం ఎలా పనిచేస్తుంది, దానిపై చేసే విరామ వ్యాయామం అంటే ఏమిటి, ఎవరు చేయవచ్చు, ఎవరు చేయకూడదు అనే విషయాలు ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

యంత్రం ఎలా పనిచేస్తుంది?

ఎలిప్టికల్ యంత్రంలో రెండు వెడల్పాటి పెడల్స్ ఉంటాయి. వాటిపై నిలబడి నడిచినట్టు కాళ్ళు ఆడిస్తే పాదాలు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతాయి. చేతులతో పట్టుకొని ముందుకు వెనుకకు ఆడించే రెండు పొడవాటి పిడులు కూడా ఉంటాయి. లోపల ఒక బరువైన చక్రం తిరుగుతుంది. మీట నొక్కి దాని బిగువును పెంచవచ్చు, తగ్గించవచ్చు. అమెరికాలో ప్రీకార్ అనే కంపెనీ 1995లో ఈ తరహా యంత్రాన్ని మార్కెట్‌లోకి తెచ్చిన తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది.

పరుగెత్తేటప్పుడు ప్రతి అడుగులోను పాదం గాలిలోకి లేచి నేలను తాకుతుంది. ఆ దెబ్బ మడమ నుండి మోకాలికి, తుంటికి, నడుముకు చేరుతుంది. ఎలిప్టికల్‌పై పాదం పెడల్‌ను వదలదు కనుక ఆ దెబ్బ ఉండదు. నిలబడి చేస్తాము కనుక తొడలు, పిరుదులు, పిక్కలు శరీర బరువును మోస్తూ పనిచేస్తాయి. చేతులు, భుజాలు కూడా కలుస్తాయి. ఎక్కువ కండరాలు పనిచేస్తే గుండెకు, ఊపిరితిత్తులకు మంచి వ్యాయామం అవుతుంది.

అయితే దీనివల్ల మోకాలికి పని లేదనుకోకూడదు. మామూలు నడక కన్నా ఇక్కడ మోకాలు ఎక్కువ వంగుతుంది. బిగువు ఎక్కువగా పెడితే మోకాలిచిప్ప వెనుక నొప్పి ఉన్నవారికి ఆ నొప్పి పెరగవచ్చు. అటువంటివారు బిగువు తక్కువగా ఉంచుకొని, వేగంలో మాత్రమే కొద్దిగా మార్పు చేసుకోవాలి.

విరామ వ్యాయామం అంటే ఏమిటి?

అరగంట సేపు ఒకే వేగంతో చేయడం ఒక పద్ధతి. కొద్దిసేపు కష్టంగా, తరువాత కొద్దిసేపు నెమ్మదిగా, మళ్ళీ కష్టంగా, ఇలా మార్చి మార్చి చేయడం రెండవ పద్ధతి. ఈ రెండవదే విరామ వ్యాయామం, అంటే ఇంటర్వల్ ట్రైనింగ్. విరామం అంటే పూర్తిగా ఆగిపోవడం కాదు. కాళ్ళు నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి.

పొలంలో పనిచేసేవారికి ఇది కొత్తేమీ కాదు. నాలుగు బస్తాలు మోసి, కాసేపు నిలబడి ఊపిరి పీల్చుకొని మళ్ళీ మోస్తారు. ఆగకుండా మోయమంటే ఎనిమిది బస్తాలకే కూలబడే మనిషి, మధ్యలో విశ్రాంతి ఉంటే ఇరవై మోయగలడు. విరామ వ్యాయామంలోని రహస్యం కూడా ఇదే. విశ్రాంతి ఉండడం వల్ల మొత్తం మీద ఎక్కువ కష్టం చేయగలుగుతాము.

దీనిని శాస్త్రీయంగా అభివృద్ధి చేసినవారిలో ముఖ్యులు 1930లలో జర్మనీకి చెందిన వోల్డెమార్ గెర్ష్లర్ అనే శిక్షకుడు, హెర్బర్ట్ రైండెల్ అనే హృద్రోగ వైద్యుడు. కొద్ది దూరం వేగంగా పరుగెత్తించి, నాడి వేగం తగ్గేవరకు ఆగి, మళ్ళీ పరుగెత్తించేవారు. గెర్ష్లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో ఇటలీలోని మిలాన్ నగరంలో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తాడు. ఆ ప్రపంచ రికార్డు 1955 వరకు నిలిచింది.

శరీరంలో ఏమి జరుగుతుంది?

కష్టపడే నిమిషాలలో గుండె ప్రతి కొట్టుకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. కొన్ని వారాలు ఇలా అభ్యాసం చేస్తే గుండె కండరం బలపడి, మామూలు పనులకు తక్కువ కొట్లతోనే సరిపెట్టుకుంటుంది. మెట్లు ఎక్కితే వచ్చే ఆయాసం తగ్గడానికి ఇది ఒక కారణం. కండరాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే సూక్ష్మ భాగాలు కూడా పెరుగుతాయి.

షుగరు వ్యాధి ఉన్నవారికి ఇంకొక మేలు ఉంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. వ్యాయామం తరువాత కూడా ఒకటి రెండు రోజుల పాటు ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని చెబుతాము.

పరిశోధనలు ఏమి చెబుతున్నాయి?

జపాన్‌లోని మత్సుమొతో పట్టణంలో నడివయసువారితోను, వృద్ధులతోను మూడు నిమిషాలు వేగంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా నడిపించారు. ఐదు నెలల తరువాత ఒకే వేగంతో నడిచినవారి కన్నా వీరికి తొడల బలం ఎక్కువ పెరిగింది, బి.పి. ఎక్కువ తగ్గింది. ఈ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. డెన్మార్క్‌లో టైప్ 2 షుగరు రోగులతో నాలుగు నెలలు ఇదే పద్ధతిలో చేయించగా, ఒకే వేగంతో నడిచినవారి కన్నా షుగరు అదుపు మెరుగైంది. ఇది 2013లో వచ్చింది.

నార్వేలోని ట్రోండ్‌హైమ్ నగరంలో గుండెపోటు తరువాత గుండె బలహీనపడిన 27 మంది వృద్ధులపై జరిగిన పరిశోధన 2007లో ప్రచురింపబడింది. ట్రెడ్‌మిల్‌పై నాలుగు నిమిషాలు కష్టంగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, అలా నాలుగు సార్లు చేసినవారికి శరీరం ఆక్సిజన్‌ను వాడుకొనే శక్తి 46 శాతం పెరిగింది. ఒకే వేగంతో చేసినవారికి 14 శాతం పెరిగింది. ఇది చూసి ఎందరో ఉత్సాహపడ్డారు. కాని తరువాత యూరప్‌లోని తొమ్మిది కేంద్రాలలో 261 మందితో చేసిన పెద్ద పరిశోధన, 2017లో, ఇటువంటి రోగులకు విరామ పద్ధతి మామూలు పద్ధతి కన్నా మిన్న కాదని తేల్చింది.

దీనిని బట్టి మనం గ్రహించవలసినది ఏమంటే, విరామ వ్యాయామం మంచిదే గాని అద్భుతం కాదు. రోజూ అరగంట హాయిగా నడిచేవారు "ఇంతకాలం తప్పు చేశామేమో" అని బాధపడనక్కరలేదు. సమయం తక్కువ ఉన్నవారికి, ఒకే వేగంతో విసుగు పుట్టినవారికి, కొంత అలవాటైన తరువాత ఇంకొక మెట్టు ఎక్కాలనుకొనేవారికి ఇది ఉపయోగం.

ఇరవై సెకన్లు ప్రాణం పెట్టి తొక్కి పది సెకన్లు ఆగే "తబాత" పద్ధతి గురించి కూడా కొందరు అడుగుతుంటారు. జపాన్ శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాత 1996లో ప్రచురించిన ఆ పరిశోధన వ్యాయామం అలవాటున్న ఆరోగ్యవంతులైన యువకులతో జరిగింది. షుగరు, బి.పి. ఉన్న నడివయసువారికి అది తగినది కాదు.

మొదలుపెట్టే ముందు

ఈ క్రిందివారు డాక్టరును సంప్రదించకుండా విరామ వ్యాయామం మొదలుపెట్టకూడదు:

1. గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, బైపాస్ ఆపరేషన్ అయినవారు.
2. నడిస్తే ఛాతీలో బరువుగా, పట్టినట్టుగా ఉండేవారు. కళ్ళు తిరిగి పడిపోయినవారు.
3. షుగరు, బి.పి. ఉన్నవారు. ఇన్నాళ్ళు ఏ వ్యాయామమూ లేకుండా కూర్చొని పనిచేసిన నడివయసువారు. పొగ త్రాగేవారు.
4. ఇంట్లో తండ్రికి గాని అన్నదమ్ములకు గాని చిన్న వయసులో గుండెపోటు వచ్చినవారు.
5. షుగరు వల్ల కంటి రెటీనాలో రక్తస్రావం అయినవారు, లేజర్ చికిత్స పొందుతున్నవారు. తీవ్రమైన శ్రమ కంటికి ప్రమాదం.
6. అరికాళ్ళు తిమ్మిరెక్కినవారు, పాదంపై పుండు ఉన్నవారు.
7. గర్భిణులు.

విశ్రాంతిగా ఉన్నప్పుడే బి.పి. 180/110 దాటి ఉంటే ముందు దానిని అదుపులోకి తెచ్చుకోవాలి. జ్వరం ఉన్న రోజున వ్యాయామం వద్దు.

ఎంత కష్టపడాలి? "పాట పరీక్ష"

యంత్రంపై కనిపించే అంకెల కన్నా మన ఊపిరే మంచి కొలబద్ద. నెమ్మదిగా చేసే నిమిషాలలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో ఒకటి పాడుకోగలగాలి. మధ్యస్థ వేగంలో మాట్లాడగలం గాని పాడలేము. కష్టంగా చేసే నిమిషాలలో మూడు నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవలసి వస్తుంది. ఒక్క మాట కూడా రాకపోతే హద్దు దాటారన్నమాట, వెంటనే వేగం తగ్గించాలి.

నాడిని బట్టి చూసుకోవాలంటే, వయసును 0.7తో గుణించి, వచ్చిన దానిని 208 నుండి తీసివేస్తే గుండె వేగానికి ఉజ్జాయింపు హద్దు తెలుస్తుంది. 50 ఏళ్ళవారికి అది 173. కష్టమైన నిమిషాలలో దీనిలో 70 నుండి 85 శాతం, అంటే నిమిషానికి సుమారు 121 నుండి 147 వరకు ఉంటే చాలు. అయితే అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడేవారికి ఈ లెక్క పనికిరాదు. ఆ మందులు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అంకె రాలేదని ఇంకా ఇంకా తొక్కితే ప్రమాదం. వారు పాట పరీక్షనే నమ్ముకోవాలి.

పన్నెండు వారాల పద్ధతి

డాక్టరు అనుమతి పొందిన, కొత్తగా మొదలుపెట్టేవారి కొరకు ఈ పద్ధతి సూచిస్తున్నాము. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయాలి. మిగిలిన రోజులలో మామూలు నడక చాలు. మూడవ వారం నుండి ప్రతిసారి మొదట 5 నిమిషాలు, చివర 5 నిమిషాలు అతి నెమ్మదిగా చేయాలి.

1, 2 వారాలు: విరామాలు లేవు. పాడుకోగలిగే వేగంతో 10 నుండి 15 నిమిషాలు. యంత్రంపై నిలకడ రావడమే గురి.

3, 4 వారాలు: 30 సెకన్లు కష్టంగా, 90 సెకన్లు నెమ్మదిగా. 6 సార్లు. మొత్తం 22 నిమిషాలు.

5, 6 వారాలు: 1 నిమిషం కష్టంగా, 2 నిమిషాలు నెమ్మదిగా. 5 సార్లు. మొత్తం 25 నిమిషాలు.

7, 8 వారాలు: 2 నిమిషాలు కష్టంగా, 2 నిమిషాలు నెమ్మదిగా. 4 సార్లు. మొత్తం 26 నిమిషాలు.

9 నుండి 12 వారాలు: 3 నిమిషాలు కష్టంగా, 3 నిమిషాలు నెమ్మదిగా. 4 సార్లు. మొత్తం 34 నిమిషాలు.

ఏ మెట్టు దగ్గరైనా కష్టమనిపిస్తే అక్కడే ఇంకొక రెండు వారాలు ఆగండి. ఇది పందెం కాదు. ఊరికి వెళ్ళి రెండు వారాలు మానివేస్తే, తిరిగి వచ్చాక ఒక మెట్టు క్రిందనుండి మొదలుపెట్టండి.

చివరి 5 నిమిషాలను ఎట్టి పరిస్థితులలోను వదలకూడదు. కష్టపడుతూ హఠాత్తుగా ఆగిపోతే రక్తం కాళ్ళలో నిలిచిపోయి, బి.పి. పడిపోయి కళ్ళు తిరుగుతాయి. బి.పి. మాత్రలు వాడేవారికి ఇది మరింత ఎక్కువ.

యంత్రంపై పాటించవలసినవి

ఎక్కేటప్పుడు కదలని పిడిని పట్టుకొని, క్రిందికి ఉన్న పెడల్‌పై ముందు కాలు పెట్టండి. దిగేటప్పుడు చక్రం పూర్తిగా ఆగనివ్వండి. నడుము నిటారుగా ఉంచి ముందుకు చూడండి. పిడులపై బరువంతా వేసి వాలిపోతే కాళ్ళకు పని తగ్గుతుంది, నడుము నొప్పి వస్తుంది. పిడిని బిగించి పట్టుకోవడం, ఊపిరి బిగబట్టడం బి.పి.ని పెంచుతాయి.

బిగువు మరీ తక్కువగా పెడితే చక్రం తన ఊపుతో తానే తిరిగి మన కాళ్ళను త్రిప్పుతుంది. మనం చేసినట్టే ఉంటుంది గాని శ్రమ ఉండదు. కాళ్ళతో నెడుతున్నామని తెలిసేంత బిగువు ఉండాలి. తెరపై కనిపించే క్యాలరీల సంఖ్య అంచనా మాత్రమే. దానిని చూసి రెండు గారెలు అదనంగా తినవద్దు.

చీరకొంగు, చున్నీ, లుంగీ యంత్రంలో చిక్కుకొనే అవకాశం ఉంది. స్త్రీలు సల్వార్ కమీజ్ వేసుకొని చున్నీ తీసివేయడం మంచిది. చిన్నపిల్లలను యంత్రం దగ్గరకు రానివ్వకండి, కదిలే భాగాలలో వ్రేళ్ళు నలుగుతాయి.

పాదం పెడల్‌పై ఒకేచోట ఉండిపోవడం వల్ల ముందరి పాదం తిమ్మిరెక్కవచ్చు. మధ్యమధ్య వ్రేళ్ళు కదిలించండి, బరువును మడమవైపుకు మార్చండి. షుగరు ఉన్నవారు చెప్పులతో గాని వట్టికాళ్ళతో గాని ఎక్కవద్దు. మెత్తని మేజోళ్ళు, పాదానికి సరిగ్గా సరిపోయే బూట్లు వేసుకోవాలి. ముగిసిన తరువాత అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ వచ్చినా తెలియదు. ఆ చిన్న బొబ్బే పుండుగా మారి కాలు తీసివేసే వరకు రావచ్చు.

షుగరు మందులు వాడేవారికి

ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని వాడేవారికి వ్యాయామంలోను, ఆ తరువాత కొన్ని గంటలలోను షుగరు పడిపోవచ్చు. మొదలుపెట్టే ముందు పరీక్షించుకొని, 100 కన్నా తక్కువ ఉంటే ఒక అరటిపండు గాని రెండు బిస్కెట్లు గాని తినండి. చేతులు వణకడం, చెమటలు, గాబరా, విపరీతమైన ఆకలి కనిపిస్తే వెంటనే ఆపి మూడు చెంచాల పంచదార నీటిలో కలుపుకొని త్రాగండి. పావుగంట తరువాత మళ్ళీ పరీక్షించుకోండి.

తీవ్రంగా చేసిన వెంటనే పరీక్షిస్తే కొందరికి షుగరు పెరిగినట్టు కనిపిస్తుంది. శ్రమ సమయంలో విడుదలయ్యే అడ్రినలిన్ దీనికి కారణం. కొంతసేపటికి అది తగ్గుతుంది. భయపడి వ్యాయామం మానవద్దు, మందు పెంచుకోవద్దు.

వెంటనే ఆపవలసిన గుర్తులు

ఛాతీలో నొప్పి లేక బరువు, దవడకు గాని ఎడమ చేతికి గాని ప్రాకే నొప్పి, చల్లని చెమటలు, కళ్ళు తిరగడం, విశ్రాంతి తీసుకున్నా తగ్గని ఆయాసం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆపివేసి కూర్చోవాలి. కొద్ది నిమిషాలలో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. తగ్గినా ఆ రోజే డాక్టరుకు చూపించుకోవాలి.

మన ప్రాంతంలో ఎందరో దీనిని "గ్యాస్" అనుకొని సోడా త్రాగి, వాము నమిలి ఇంట్లోనే పడుకుంటారు. గుండెపోటులో మొదటి గంటలు ఎంతో విలువైనవి. ఆ గంటలు సోడాకు పోతే గుండె కండరం తిరిగి రాదు. షుగరు ఉన్నవారిలో కొందరికి నరాలు దెబ్బతిని ఉండడం వల్ల నొప్పి లేకుండానే గుండెపోటు రావచ్చు. వారికి కారణం తెలియని ఆయాసం, నీరసమే గుర్తులు.

ఇలా చెబుతున్నది భయపెట్టడానికి కాదు. నార్వేలో గుండె రోగుల వ్యాయామ కేంద్రాలలో 4,846 మందిని గమనించి 2012లో ప్రచురించిన నివేదికలో, 1,75,000 గంటలకు పైగా సాగిన వ్యాయామంలో మూడుసార్లు మాత్రమే గుండె ఆగిపోయింది. అయితే వారంతా వైద్యుల పర్యవేక్షణలో, పరీక్షల తరువాత చేసినవారని మరువకూడదు.

కొన్ని ప్రశ్నలు

ఉదయం ఖాళీ కడుపుతో చేయవచ్చా? షుగరు మందులు లేనివారు చేయవచ్చు. మందులు వాడేవారు కొద్దిగా తిని చేయాలి. లెంట్ దినాలలో ఉపవాసం ఉండేవారు ఆ రోజులలో విరామ వ్యాయామం మాని, సాయంత్రం ఏదైనా తిన్న తరువాత నెమ్మదిగా నడిస్తే చాలు.

భోజనం చేసిన వెంటనే? వద్దు. గంటన్నర నుండి రెండు గంటలు ఆగండి.

పొట్ట తగ్గుతుందా? ఒక్క పొట్ట మాత్రమే తగ్గించే వ్యాయామం లేదు. అన్నం కొలత తగ్గించి, కూరలు, పప్పు పెంచి, దానితో వ్యాయామం చేస్తే మొత్తం బరువుతోపాటు పొట్ట తగ్గుతుంది.

రోజూ చేస్తే త్వరగా ఫలితం వస్తుందా? రాదు. కండరం బలపడేది విశ్రాంతిలోనే.

యంత్రం కొనాలా? అప్పు చేసి కొననక్కరలేదు. కొన్న కొన్ని నెలలకే బట్టలు ఆరవేసే దండెంగా మారిన యంత్రాలు ఎన్నో. మోకాళ్ళు బాగున్నవారు చర్చి ఆవరణలోనో, బడి మైదానంలోనో మూడు నిమిషాలు గబగబా, మూడు నిమిషాలు నెమ్మదిగా నడిస్తే ఇదే మేలు కలుగుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి పాత సైకిలు కూడా మంచి సాధనమే.

వారానికి ఎంత వ్యాయామం కావాలి? పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం గాని, 75 నుండి 150 నిమిషాల తీవ్రమైన వ్యాయామం గాని అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వీటితోపాటు వారానికి రెండు రోజులు కండరాల బలం కొరకు చేసే వ్యాయామం కూడా ఉండాలి.

ముగింపు

కొరింథు సంఘానికి వ్రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు పందెములో పరుగెత్తువాని మితమును గూర్చి ప్రస్తావించాడు. మితము అంటే తక్కువ చేయడం మాత్రమే కాదు, తగినంత చేయడం, తగిన సమయంలో ఆగడం. ఆరు దినములు పని, ఒక దినము విశ్రాంతి అనే క్రమాన్ని దేవుడు మనకు నియమించాడు. శ్రమను, విశ్రాంతిని జతగా ఉంచే ఈ వ్యాయామంలో కూడా అదే క్రమం కనిపిస్తుంది.

ఈ నెలలో చేయవలసినది ఒక్కటే. నలభై ఏళ్ళు దాటినవారు బి.పి., షుగరు పరీక్ష చేయించుకొని, డాక్టరుతో మాట్లాడి, మొదటి పది నిమిషాలు మొదలుపెట్టండి. దేవుడు మీకు మంచి ఆరోగ్యము దయచేయును గాక.